మబ్రూకా గారి మిల్లు దేశాటన

బరువు మోయడం తెలివితక్కువ పని. దాన్ని పక్కవాడి నెత్తిన పెట్టడమే నాగరికత! ట్యునీషియాలోని స్ఫాక్స్‌లో ఓ చిన్న బీమా కంపెనీలో ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నది ఆ నాగరికతకు సేవే.

మీరు మీ ఆలివ్ నూనె మిల్లును మా దగ్గర బీమా చేశారనుకోండి. మీకు నిశ్చింత. మరి మాకు? అందుకే ఆ బరువులో నూటికి తొంభై పాళ్లు రాజధాని ట్యూనిస్‌లోని పెద్ద కంపెనీకి అప్పగిస్తాం, ప్రీమియంలో వాటా ఇచ్చి. దీన్నే రీఇన్సూరెన్స్ అంటారు. వాళ్లు అందులో కొంత మొరాకోలోని కాసాబ్లాంకాకు, కాసాబ్లాంకా వాళ్లు కొంత బహ్రెయిన్‌కు తోసేస్తారు. ఒక్క మిల్లు కోసం మూడు దేశాల పెద్దమనుషులు భుజాలు కలపడం! ఇంతకు మించిన సౌభ్రాతృత్వం ఎక్కడైనా చూశారా?

జూన్‌లో మా దగ్గర బీమా చేసిన మబ్రూకా గారి మిల్లు కాలిపోయింది. నవంబరులో కాయ కోతకొస్తుంది. ఆలోగా కొత్త యంత్రం బిగించకపోతే రైతులు వేరే మిల్లుకు పోతారు, పోయినవాళ్లు మళ్లీ రారు.

చట్టప్రకారం ఆవిడకు డబ్బివ్వాల్సింది మేమే. పైవాళ్లతో ఆవిడకు సంబంధం లేదు. కానీ పైనుంచి రాకముందే డబ్బు విదల్చడం మా కంపెనీలో ఇంటావంటా లేదు.

ఆవిడ వారం వారం వచ్చి నా ఎదుట కూర్చునేది.

“ఏం రిధా, నా మిల్లు ఇప్పుడు ఏ ఊళ్లో ఉంది?”

“బహ్రెయిన్ దాకా వెళ్లిందమ్మా. అక్కడెవడో సంతకం పెట్టకుండా ఆపుతున్నాడు.”

“నేను పక్కనున్న జెర్బా దీవి దాటి ఎరగను. నా మిల్లు మాత్రం బానే తిరుగుతోంది.”

ఆ సంతకం పెట్టనివాణ్ని ఆవిడ ఎదుట నేను తిట్టని తిట్టు లేదు. ఘాటుగా నాలుగు ఉత్తరాలు కూడా రాశాను.

అక్టోబరు చివర్లో బహ్రెయిన్ నుంచి జవాబొచ్చింది. ఆవిడ ముందే విప్పాను. తమ వాటాలో కొంత రెండేళ్ల కిందటే ఇంకో కంపెనీకి ఇచ్చారట. అందరూ ఒప్పుకున్నా ఆ కంపెనీ మాత్రం జూలై నుంచి ఉలకడం లేదట, పలకడం లేదట. కింద పేరుంది. మాదే.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట, వాటా తీసుకోమంటూ బహ్రెయిన్ నుంచి మిల్లులు, ఓడలు, గోదాముల పేర్లతో నలభై పేజీల జాబితా వచ్చింది. దాని మీద అన్నీ పెద్ద కంపెనీల ముద్రలే. అంతటివాళ్లు కొట్టాక చదవడమంటే వాళ్లను అవమానించడం కాదూ? మా వృత్తిలో మర్యాద తెలిసినవాడెవడూ చదవడు. నేనూ మా ముద్ర గుద్దేశాను, మా ఊరి మిల్లు మీదే. జూలై నుంచి బహ్రెయిన్ వాళ్లు రాసిన ఉత్తరాలు విప్పకుండా నా బల్ల మీదే ఉన్నాయి.

“ఎవరో తెలిసిందా?” అంది మబ్రూకా.

“తెలిసిందమ్మా. ఇవాళే సంతకం పెట్టిస్తా.”

“యంత్రం రావడానికే ఆరు వారాలు. ఈ ఏడు నా మిల్లు లేనట్టే.” “నువ్వు బాగా తిడతావు కదా, నా తరఫున వాణ్ని ఇంకో నాలుగు తిట్టు.”

కడుపారా తిట్టాను. పేరు మాత్రం చెప్పలేదు.