మంత్రిగారి పెరటి ఆకు

"క్యాన్సర్‌కు ఇక రోజులు దగ్గరపడ్డాయి!" అని ఆరోగ్య మంత్రిగారు తమ పెరట్లో ఒక మొక్క పక్కన నిలబడి, దాని ఆకొకటి నమిలి ప్రకటించారు. ముఖం చిట్లించకుండా నమలడంలోనే వారి త్యాగనిరతి తెలిసిపోయింది. పరీక్షలు ఇంకా మొదలుకాలేదు. ఫలితం ముందే చెప్పేశారు కనక ల్యాబుకు సగం శ్రమ తప్పింది.

మిగతా సగం ల్యాబులో శాస్త్రవేత్తమ్మ నెత్తిన పడింది. ఆమె ఆకులు ఆరబెట్టి, పొడికొట్టి, స్పిరిట్‌లో నానబెట్టి రసం తీసింది. గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద చుక్కలు వేసింది. కణాలు ఉలకలేదు, పలకలేదు.

"చుక్కలేంటి మేడమ్? గరిటెతో పొయ్యండి!" అని మంత్రిగారి పీఏ ఫోన్లో కసిరాడు.

పోసింది. కణాలన్నీ చచ్చాయి. ఆమె పోలిక కోసం పెట్టుకున్న మిగతా పళ్లేలు చూసేలోపే పీఏ పేపర్లకెక్కించేశాడు.

పొద్దున్నే శాస్త్రవేత్తమ్మకు పిన్ని ఫోన్. "నా తల్లే! కనిపెట్టింది నువ్వేనటగా! రేపటి ఇంజెక్షన్ మానేస్తున్నానే."

పిన్ని రొమ్ములో గడ్డ ఆ ఇంజెక్షన్లకే కరుగుతోంది. శాస్త్రవేత్తమ్మ పరుగున మంత్రిగారి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆకు లేకుండా ఉత్త స్పిరిట్ పోసిన పళ్లెంలోనూ కణాలు చచ్చాయి. ఆరోగ్యమైన కణాలు కూడా."

"మరి ఆకు?"

"ఏమీ చెయ్యలేదు సార్. చంపింది స్పిరిట్టే. జనం మందులు మానేస్తున్నారు, ఆ ప్రకటన వెనక్కి తీసుకోండి."

మంత్రిగారు తలూపారు. సత్యానికి తలవంచడం వారికి వెన్నతో పెట్టిన విద్య. "సరేనమ్మా, సాయంత్రానికల్లా దిద్దుకుంటా."

అన్నమాట ప్రకారం దిద్దుకున్నారు. "ఆకు అనవసరమనీ, పనంతా స్పిరిట్టే చేస్తోందనీ మన శాస్త్రవేత్తలు తేల్చారు" అని టీవీలో చెప్పారు. పక్కనే ఎక్సైజ్ మంత్రిగారు వినయంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మర్నాడు ఆమె పిన్నిని బతిమాలి, బామాలి, కారెక్కించి ఆసుపత్రికి బయలుదేరింది. దారిలో మద్యం దుకాణం ముందు కారు ఆగిపోయింది. రోడ్డు నిండా జనం.

"పేషెంట్లు ఇటు! మామూలోళ్లు అటు!" అని కానిస్టేబులు గొంతు చించుకుంటున్నాడు. మామూలోళ్ల వైపు ఒక్క నరపురుగు లేదు.

"నా ఆసుపత్రి ఫైలు ఇల్లంతా వెతికినా కనబడలేదే" అని గొణుగుతూ పిన్ని కిటికీలోంచి చూసి నోరు తెరిచింది. "ఒసేయ్, అది మీ బాబాయి కాదూ!"

పేషెంట్ల వరుసలో, అందరికంటే ముందు, బాబాయి ఆ ఫైలు గుండెలకు హత్తుకుని నీరసంగా దగ్గడం ప్రాక్టీసు చేస్తున్నాడు.