గద్ద వచ్చే వేళకు

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, వరాహయ్య అనే అడవిపంది సున్నపు బట్టీలు పెట్టాడు. ఆ పొగకి చుట్టుపక్కల ఆకులన్నీ మసిబారాయి. బట్టీల వెనక బొరియలో కుందేలు మంగతాయి ఉండేది. ఆమెకు ఒక్కటే కూన. అదీ పగలూ రాత్రీ దగ్గుతోంది.

మంగతాయికి నలుగురిలో నోరు పెగలదు. అయినా బిడ్డను చంకనేసుకుని అడవి సభకు వెళ్లింది. సింహంగారు ఆవలించి, సంగతేమిటో చూడమని కార్యదర్శి నక్కకు చెప్పారు.

నక్క ఒక గద్దను కుదిర్చింది. అది మబ్బుల మీంచి చూస్తుందనీ, చీమ చుట్ట కాల్చినా దాని కంట పడుతుందనీ చాటింపు వేయించింది.

అంతా బాగానే ఉంది గానీ, గద్ద రోజూ పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడే బట్టీల మీదుగా పోయేది. వరాహయ్య అది పసిగట్టాడు. గద్ద కొండ దాటుతుండగానే బట్టీల మూతులకు తడిమట్టి కొట్టించేవాడు. అటు పోగానే తీయించేవాడు. అణిచిన పొగ రెండింతలై లేచేది.

గద్ద అబద్ధమాడలేదు పాపం. చూసిందే చెప్పింది. అడవి మొత్తంలో బట్టీల మీద ఉన్నంత తేటగాలి ఇంకెక్కడా లేదంది. సభ చప్పట్లు కొట్టగా, సింహంగారు వరాహయ్యకు దండ వేసి, 'గాలిరత్న' బిరుదిచ్చారు.

"మరి నా బిడ్డ దగ్గో అయ్యా?" అంది మంగతాయి.

"దగ్గు కింద ఉంటుంది తల్లీ. మేం చూసేది పైనుంచి," అంది నక్క.

మంచుగడ్డి తినిపించి ఉంటావు, పడిశం పట్టిందని వరాహయ్య దండ సర్దుకుంటూ సలహా ఇచ్చాడు.

కొన్నాళ్లకు సింహంగారి తల్లికి ఆయాసం వచ్చింది. మందులన్నీ అయిపోయాక, తేటగాలి ఒక్కటే మందన్నాడు ఎలుగుబంటి వైద్యుడు. అది ఎక్కడ దొరుకుతుందని సభలో వాదులాట. ఒకరు కొండన్నారు, ఒకరు కోనన్నారు.

మంగతాయి వెనక వరసలో తల వంచుకునే అంది: "గద్దగారు చెప్పారు కదండీ, మా బట్టీల దగ్గరేనని. మా పక్క గుహ ఖాళీగా ఉంది. ముళ్లపంది వాళ్లు మొన్ననే వదిలిపోయారు."

వరాహయ్య నోరు తెరిచాడు. వాడిపోయినా తీయని దండ మెడలోనే ఉంది. నోరు మూసుకున్నాడు.

మర్నాడే సింహంగారు తల్లితో సహా దిగారు. వరాహయ్య ఆ రోజు మట్టి తీయించనే లేదు. కానీ లోపల మగ్గిన పొగ ఎంతసేపని ఆగుతుంది? సాయంత్రానికి మూతులు బద్దలై, పొగంతా గుహలోకి దూరింది. ముసలమ్మ దగ్గింది. సింహంగారు జూలు ఊగిపోయేలా దగ్గారు.

"ప్రభూ, నివేదికలో పొగ లేదే," అంది నక్క చేతులు కట్టుకుని.

"దగ్గుతున్నది నివేదికా, నేనా?" అన్నారు సింహంగారు.

పొద్దు కుంకేలోపే బట్టీలు చల్లారాయి. బిరుదు మాత్రం వెనక్కి తీసుకోలేదు, ఇచ్చింది సింహంగారే మరి. మంగతాయి కూన నాలుగు రోజుల్లో తేరుకుని గడ్డిలో గెంతులేసింది.

నీతి: పొగ ఆగాలంటే పైన గద్ద తిరిగితే చాలదు, కింద సింహం దగ్గాలి.