ధర్మరాజు గారి చలివేంద్రం

ఆ ఆదివారం పొద్దున ధర్మరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. చన్నీళ్లు నిండిన తొట్టిలో మెడదాకా మునిగి, కళ్లు మూసుకుని, తను యాప్రాల్‌లో కాకుండా మెట్టుగూడలో ఉన్నందుకు సంతోషించడం.

యాప్రాల్‌లో హేమచంద్ర ఉంటాడు. ఇద్దరూ ఒకే ట్రాన్స్‌పోర్టు కంపెనీలో గుమాస్తాలు. హేమచంద్ర వాళ్ల అపార్ట్‌మెంట్లలో ఈతకొలను ఉంది. అందులో దిగి తీయించుకున్న ఫొటోలు ఎండాకాలం పొడుగునా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాడు. ఆ ఫ్లాటు తాలూకు బ్యాంకు వాయిదాల సంగతి మాత్రం టీ తాగేటప్పుడు ధర్మరాజు చెవిలో చెప్పుకుని ఏడుస్తుంటాడు. ధర్మరాజు అతన్ని మనస్ఫూర్తిగా ఓదార్చి, ఇంటికొచ్చి, ఆ ఉత్సాహంలో భార్య రాజ్యం చేత ఇంకో కప్పు కాఫీ పెట్టించుకుంటాడు.

ఉన్నంతలో దర్జాగా బతకాలన్నది ఆ దంపతుల సిద్ధాంతం. ఏసీ లేదు కాని కిటికీకి వట్టివేళ్ల తడిక ఉంది. దాన్ని తడిపే బాధ్యత వంతులవారీగా ఉంది. సినిమా హాలుకు వెళ్లరు. ఇంట్లోనే లైట్లార్పి, మొక్కజొన్న గింజలు పేల్చుకుని, టీవీలో చూస్తారు. సగంలో ఆపి ఇంటర్వెల్ ఇచ్చుకుంటారు. ఇంటర్వెల్లో రాజ్యం వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే, ధర్మరాజు క్యూలో నిలబడి మరీ సమోసా తీసుకుంటాడు. క్యూలో అతనొక్కడే ఉంటాడు కనుక తోపులాట ఉండదు.

ఈ వైభవమంతా నిలబడింది అద్దె మీద. ఇంటి యజమాని బాలమ్మ ఎదురింట్లోనే ఉంటుంది. నెమ్మదస్తులన్న అభిమానం కొద్దీ ఏళ్ల తరబడి ఆవిడ అద్దె పెంచలేదు. అలాంటి అద్దెకు సికింద్రాబాద్ మొత్తం గాలించినా స్కూటరు పెట్టుకునే చోటు కూడా దొరకదు. కాబట్టి బాలమ్మ మనసు నొచ్చుకునే పని ఏదీ చేయకూడదన్నది వాళ్ల సిద్ధాంతంలో రెండో భాగం.

స్టేషను దగ్గర పాత లాడ్జి ఒకటి పడగొడుతుంటే, తుక్కు సామాను వాడి దగ్గర ధర్మరాజుకు ఒక స్నానాల తొట్టి కనబడింది. ఇనపది, పైన తెల్లటి పింగాణీ పూత. హేమచంద్ర కొలను మొత్తం తనకు దక్కినంత పొంగిపోయి, బేరమాడి, ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాడు. తేబోయే ముందు తొట్టిని కొలిచాడు. స్నానాలగదిని కూడా కొలిచాడు. తలుపును మాత్రం కొలవలేదు.

అందువల్ల తొట్టి గేటు పక్కన, స్కూటరు పెట్టుకునే రేకుల పందిరి కింద స్థిరపడింది. స్కూటరు ఎండలోకి వెళ్లింది. అయినా దంపతులు నిరుత్సాహపడే రకం కాదు. శనివారం సాయంత్రం మోండా మార్కెట్లో దుకాణాలు కట్టేసే వేళకు వెళ్లి, చవకగా వచ్చిన గులాబీ రేకులూ వట్టివేళ్ల కట్టా తెచ్చారు. నీళ్లు చల్లగా ఉండాలని తొట్టి చుట్టూ తడిపిన గోనెపట్టా చుట్టారు. మరుగు కోసం నాలుగు వైపులా దుప్పట్లు కట్టారు. నీళ్లు నింపింది, దుప్పట్లు కట్టింది రాజ్యం కాబట్టి మొదటి స్నానం ఆవిడదే అని ఒప్పందం జరిగింది. మొగుడు ఇచ్చిన మాట కాబట్టి రాజ్యం కూడా నమ్మింది.

తెల్లవారకముందే ధర్మరాజుకు మెలకువ వచ్చింది. రాజ్యం గాఢనిద్రలో ఉంది. ఊరికే నీళ్లు చల్లబడ్డాయో లేదో చూద్దామని వెళ్లాడు. చెయ్యి పెట్టి చూస్తే సరిగ్గా తెలియలేదు. కాలు పెట్టి చూశాడు. ఆ తరువాత మిగతా మనిషంతా కాలు వెంట వెళ్లిపోయాడు. ఆహా, ఏం సుఖం! యాభై రెండేళ్ల జీవితంలో తన ఒంటికి ఇన్ని నీళ్లు ఒకేసారి తగలడం అదే మొదలు. తెల్లవారుతుండగా లేచి, చెదిరిన గులాబీ రేకులను జాగ్రత్తగా పరిచి, ఏమీ ఎరగనట్టు వెళ్లి మంచమెక్కాడు.

మళ్లీ లేచేసరికి బారెడు పొద్దెక్కింది. వీధిలో మాటలు వినబడుతున్నాయి. కిటికీలోంచి చూసి మ్రాన్పడిపోయాడు. దుప్పట్లు లేవు. రాజ్యం వాటిని విప్పి పెరట్లో ఉతుకుతోంది. గేటు బార్లా తెరిచి ఉంది. బాలమ్మ తొట్టి దగ్గర నిలబడి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు ముంచుకుని, గటగటా తాగి మూతి తుడుచుకుంటోంది.

ఆవిడ తప్పేమీ లేదు. ఎండాకాలం, గేటు పక్కన పందిరి, తడి గోనెపట్టా చుట్టి వట్టివేళ్లు వేసిన నీళ్లు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన ఎవరికైనా అది చలివేంద్రంలాగే కనబడుతుంది. మరీ గులాబీ రేకులు కూడా వేశారంటే ఇచ్చేవాళ్ల మనసు ఎంత గొప్పదో అనుకుంటారు.

ధర్మరాజు లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చేసరికి బాలమ్మ రెండో గ్లాసు ముంచింది.

"ఏం సారూ, గింత మంచి పని చేసుకుంట ఒక మాటన్న చెప్పకపోతివి. నీళ్లు మస్తు సల్లగున్నయి. జెర తియ్యగ సుత ఉన్నయి" అంది.

ఆ తీపి ఎక్కడిదో ధర్మరాజు తలుచుకోదలుచుకోలేదు. అవి తాగే నీళ్లు కావండీ, బోరు నీళ్లండీ అని గొణిగాడు. తాము పుట్టినప్పటి నుంచీ బోరు నీళ్లే తాగామని, తమకేమైందని బాలమ్మ అడిగింది. దానికి జవాబు అతని దగ్గర లేకపోలేదు, చెప్పే ధైర్యమే లేదు. అంతలో బాలమ్మ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. పొద్దున తను వచ్చింది అద్దె పెంచుతున్నానని చెప్పడానికట. దారినపోయేవాళ్ల దాహం తీర్చే మనిషిని అద్దె పెంచమని ఎట్లా అడుగుతానంది. అడిగితే దేవుడు తనను చూస్తాడా అంది. ధర్మరాజు నోరు అక్కడితో మూతబడింది.

బాలమ్మ ఒక పనిని మంచిదని నమ్మిందంటే వీధంతా నమ్మి తీరాలి. ఇంట్లోంచి గ్లాసులు తెచ్చి వరసగా పెట్టింది. మూల మీద ఆటో స్టాండును పిలిచింది. ప్రభుదాస్ అనే ఆటో డ్రైవరు తాగడమే కాక సీసా నింపుకున్నాడు. ఇంట్లో పిల్లలకట.

పెరట్లోంచి వచ్చిన రాజ్యం ఈ దృశ్యం చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. తరువాత తేరుకుని, ఆ గులాబీలకు పురుగు మందు కొట్టి ఉంటారు, ఎవరూ తాగకండని గట్టిగా చెప్పింది. ధర్మరాజు కళ్లు చెమర్చాయి. తను చేసిన పని ఆవిడకు తెలిసిపోయింది. అయినా తన పరువు కాపాడాలని చూస్తోంది. ఇటువంటి ఇల్లాలికిచ్చిన మాట తప్పానే అని సిగ్గుపడ్డాడు. బాలమ్మ మాత్రం సిగ్గుపడలేదు. గులాబీ రేకులు ఏరి పారేసి, తాగడం కొనసాగించమంది.

ధర్మరాజు చివరి ఉపాయానికి దిగాడు. ఏదో పడిపోయినట్టు వంగి, తొట్టిలోకి చెయ్యి పెట్టి, అడుగున ఉన్న బిరడా పీకేశాడు. నీళ్లు బుడబుడమంటూ పోవడం మొదలైంది. అతని ముఖం వికసించింది. కాని వీధి చివర మోటారు సైకిళ్లు బాగుచేసే సదాశివ కూడా నీళ్లు తాగడానికే వచ్చి ఉన్నాడు. పుణ్యకార్యానికి చిల్లి పడిందని కేకలు వినబడగానే దుకాణానికి పరిగెత్తి సిమెంటు ముద్ద తెచ్చి, ఆ కన్నాన్ని శాశ్వతంగా మూసేశాడు. పోయిన నీళ్లకు బదులు ఎవరో ఐసు దిమ్మ వేశారు. పైసా అడగకుండా సాయం చేసే జనాన్ని ధర్మరాజు ఆ రోజే మొదటిసారి తిట్టుకున్నాడు.

అప్పుడు ఓంప్రకాశ్ వచ్చాడు. అతనికి కార్పొరేటర్ కావాలని చిరకాల వాంఛ. ఇంతవరకూ ఫ్లెక్సీల మీద మాత్రమే అయ్యాడు. కబురు అందిన గంటలో కొత్త ఫ్లెక్సీ తెచ్చాడు. అందులో అతను నిలువెత్తున దండం పెడుతున్నాడు. మూలన పోస్టల్ స్టాంపంత చోటులో ధర్మరాజు, రేషన్ కార్డు ఫొటోలోలా బిక్కముఖం వేసుకుని ఉన్నాడు. జనం సగం తొట్టి తాగేశాక దానికి రిబ్బను కట్టి, కత్తిరించి, చలివేంద్రం ప్రారంభమైనట్టు ఓంప్రకాశ్ ప్రకటించాడు.

"సొంత ఇల్లు లేకున్నా సరే, తానం చేస్తందుకు కొన్న తొట్టిని పబ్లిక్ కోసం ఇడిసిపెట్టిండు మన ధర్మరాజు సార్. ఒక్క దినం సుత అండ్ల కాలు పెట్టలే. గిదీ త్యాగమంటే" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ధర్మరాజు నేల చూపులు చూశాడు. దాన్ని వినయమనుకుని ఇంకాస్త గట్టిగా కొట్టారు.

దాతల చేత మొదటి గ్లాసు తాగించాలని ఓంప్రకాశ్ అన్నాడు. ముందు రాజ్యానికి అందించాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, ఇవాళ ఉపవాసమండీ అంది. మంచినీళ్లు కూడా ముట్టనంది. పొద్దున్నే ఇంట్లోంచి పెసరట్ల వాసన వీధి దాకా వచ్చిన సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్లాసు ధర్మరాజు చేతికి వచ్చింది. ఫోన్ కెమెరాలు లేచాయి. బాలమ్మ చేతులు కట్టుకుని, కన్నతల్లి లాగా గర్వంగా చూస్తోంది. ఆ చూపులో అతనికి పాత అద్దె కనబడింది. కళ్లు మూసుకుని తాగేశాడు.

ఫొటో సరిగ్గా రాలేదు, ఇంకొకటి తాగమన్నారు. తాగాడు.

జనం వెళ్లేసరికి సాయంత్రమైంది. ఎండలు తగ్గేదాకా తొట్టిని కదిలించవద్దని, రోజూ నింపించే పూచీ తనదని ఓంప్రకాశ్ మాటిచ్చి, అది పారిపోతుందన్నట్టు గొలుసు వేయించి వెళ్లాడు. దంపతులు గుమ్మంలో కూలబడ్డారు. రోజంతా మోసిన రహస్యాన్ని ధర్మరాజు ఇక దాచలేకపోయాడు.

"రాజ్యం, నన్ను క్షమించు. పొద్దున నీకంటే ముందు నేనే దిగాను. నీకు తెలిసి కూడా నలుగురిలో నా పరువు తీయలేదు. ఊరందరి చేతా నా ఒళ్లు కడిగిన నీళ్లు తాగించానే, ఈ పాపం ఎట్లా పోతుంది?"

"మీరు దిగారని తెలుసండీ. వీపుకి గులాబీ రేకులు అంటించుకుని పడుకుంటే తెలీదా? కాని ఆ నీళ్లు ఎవరూ తాగలేదు. బిరడా తీసి అన్నీ కరివేపాకు మొక్కకీ మందార మొక్కలకీ పెట్టేశాను. మోటారు వేసి మళ్లీ నింపాను. పూలూ వట్టివేళ్లూ కడిగి మళ్లీ వేశాను" అంది రాజ్యం నెమ్మదిగా.

ధర్మరాజుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. మంచినీళ్లు! తను తాగింది శుభ్రమైన మంచినీళ్లు! రోజంతా ఉత్తి పుణ్యానికి కుమిలిపోయాడు. ఇల్లాలి చేయి పట్టుకుని, ఆనందం పట్టలేక నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చేయి మెల్లగా విడిపించుకుంది. అప్పుడు అతనికి పెసరట్ల మీది ఉపవాసం జ్ఞాపకం వచ్చింది.

"మరి నువ్వెందుకు తాగలేదు?"

"నింపాక ఊరికే ఎలా వదిలేస్తానండీ? మొదటి స్నానం నాదని ఒప్పందం కదా. రెండు గంటలున్నాను. తలంటు కూడా పోసుకున్నాను" అంది రాజ్యం.

ధర్మరాజు తను తాగిన గ్లాసులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. వీధిలో ప్రభుదాస్ ఆటో ఆపి, సీసా మళ్లీ నింపుకుని, వాళ్లిద్దరికీ దండం పెట్టి వెళ్లాడు.

మర్నాటి నుంచి ఓంప్రకాశ్ మాట ప్రకారం తొట్టిని శుభ్రంగా తోమించి, శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లతో నింపించాడు. పైన మూత పెట్టించి, కుళాయి కూడా బిగించాడు. అద్దె పెరగలేదు. ధర్మరాజు స్నానాలగదిలో బకెట్టుతోనే దర్జా వెతుక్కుంటున్నాడు. కాలనీ వాళ్లు మాత్రం నీళ్లకు మొదటి రోజు రుచి రావడం లేదని ఓంప్రకాశ్ మీద గుర్రుగా ఉన్నారు.