నీలం చుక్క

ఆ ఉదయం ఆవిడ అనుకున్నది పెద్ద పనేమీ కాదు. పదింటికి కూతురు ఇంటర్వ్యూకి బయలుదేరుతుంది. క్షేమంగా చేరిందో లేదో తన ఫోనులో నీలం చుక్క చూసుకుని, ఆ తరవాత కాస్త నడుం వాలుస్తుంది. మేనల్లుడు రెండేళ్ళ క్రితం పెట్టిచ్చిన చుక్క అది. అమ్మాయి కదిలితే చుక్క కదులుతుంది. చుక్క ఆగితే ఆవిడ గుండె ఆగుతుంది.

తొమ్మిదిన్నరకి పక్కింటి రిటైర్డు పోస్టుమాస్టరు పేపరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"చూశావామ్మా? ప్రభుత్వం జనం ఫోన్లలోకి దొంగచాటుగా ఏదో ఎక్కించి అన్నీ వింటోందట. మా రోజుల్లో ఒకరి ఉత్తరం తెరవాలంటే చేతులు వణికేవి!"

"మనలాంటి వాళ్ళవి ఎందుకు వింటారులెండి, బాబాయిగారూ."

"ఏమో! ఫోను ఊరికే వేడెక్కినా, చార్జింగు నిలవకపోయినా అనుమానించాలట."

ఆవిడ లోపలికి పరుగెత్తింది. కూతురి ఫోను జ్వరమొచ్చిన నుదురులా కాలిపోతోంది. కుళాయి రావడం లేదని ఆ పిల్ల పోయిన వారమే నీళ్ళ ఆఫీసుకి ఘాటుగా ఫిర్యాదు రాసింది. ఇంకేముంది! పోలీసులు, కోర్టు, జైలు ఆవిడ కళ్ళముందు గిర్రున తిరిగాయి. ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"అయ్యా, మా పిల్ల తెలియక రాసింది. నీళ్ళు బ్రహ్మాండంగా వస్తున్నాయి. నిన్న బకెట్టు పొంగింది కూడా."

"ఎవరితోనమ్మా?" అంటూ కూతురొచ్చింది.

"ష్! వాళ్ళతో." ఆవిడ ఫోనుని ప్రెషర్ కుక్కర్లో పడేసి, మూత బిగించి, పైన విజిల్ కూడా పెట్టింది.

"అమ్మా! ఇంటర్వ్యూ అడ్రసు అందులోనే ఉంది!"

"వాళ్ళని వెంటేసుకుని వెళ్తావా? ముందు బాగుచేయిద్దాం, పద."

కుక్కరు చంకనెత్తుకుని ఆవిడ ముందు, గడియారం చూసుకుంటూ కూతురు వెనక, పేపరుతో పోస్టుమాస్టరు ఆ వెనక. సంగతి విన్నవాళ్ళంతా తమ ఫోన్లు తడిమి చూసుకున్నారు. ఎండలో అన్నీ వేడిగానే ఉన్నాయి. ఫోన్లు బాగుచేసే కొట్టు చేరేసరికి పదిహేనుమంది పోగయ్యారు.

కొట్టతను కుక్కరులోంచి ఫోను తీసి, కాసేపు అందులో వెతికి తలెత్తాడు. "ఉందండీ పిన్నిగారూ. ఈ అమ్మాయి ఎక్కడికెళ్ళినా ఆ సంగతి రెండేళ్ళుగా ఎవరికో చేరవేస్తోందీ ఫోను."

"ఎవడు వాడు?" ఆవిడ కుక్కరు బల్లమీద ఠంగున పెట్టింది. "నా పిల్ల ఎక్కడికెళ్తే వాడికెందుకు? ఎదిగిన పిల్లకి తనదంటూ ఓ బతుకుండదూ? సిగ్గులేదూ?"

జనం చప్పట్లు కొట్టారు. కొట్టతను ఏదో నొక్కాడు. ఆవిడ చేతిసంచీలోని ఫోను మోగింది.

పోస్టుమాస్టరు పేపరు మడిచాడు. "తెరిచిన ఉత్తరాన్ని మేమైతే మళ్ళీ అంటించేసేవాళ్ళమమ్మా."

"అది చుక్కేగా!" ఆవిడ కూతురి వైపు తిరిగింది. "నువ్వు క్షేమంగా ఉన్నావో లేదోనని..."

"వాళ్ళూ అదే అంటారమ్మా," అంది కూతురు.

ఆవిడ ఖాళీ కుక్కరుకి మూత పెట్టింది. "తీసెయ్యి, నాయనా," అంది కొట్టతనితో.

కూతురు బస్సుకోసం పరుగెత్తింది. ఆవిడ మధ్యాహ్నమంతా నడుం వాల్చలేదు. సాయంత్రానికి ఉండబట్టలేక ఫోను చేసింది.

"ఎక్కడున్నావే? ఏమైంది?"

"ఉద్యోగం వచ్చిందమ్మా. ఎక్కడున్నానో మాత్రం ప్రభుత్వాన్నడుగు."