సెరిజావా గారు బాగానే ఉన్నారు

ఆ ఉదయం సెరిజావా గారి ఒంట్లో ఏ లోటూ లేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, గడియారాలు బాగుచేసే పని, రెండు గిన్నెల అన్నం తిని సంచీ భుజాన వేసుకుని గుమ్మం దిగారు. మనసంతా సాయంత్రం మీటింగు మీదే ఉంది. శరదృతువు జాతరలో దేవుడి పల్లకీ ముందు చెక్కలు వాయిస్తూ కేక పెట్టే పని ఈ ఏడు ఎవరిదో అక్కడ తేలుస్తారు. దానికోసం ఆయన పదకొండేళ్ళుగా కాచుకుని ఉన్నారు.

ఎదురింటి నెగిషి గారు వాకిలి ఊడుస్తోంది. "ఎక్కడికో బయల్దేరినట్టున్నారు?" అంది.

దీనికి ఆ వీధిలో ఒకటే జవాబు: "ఇలా దగ్గరికేనండి." అడిగినవాళ్ళకూ అంతకన్నా అక్కర్లేదు. కానీ పరధ్యానంలో ఉన్న సెరిజావా గారు నిజం చెప్పేశారు.

"ఆసుపత్రికండి."

చీపురు ఆగిపోయింది. ఎందుకని అడగడం మర్యాద కాదు కాబట్టి నెగిషి గారు అడగలేదు. బరువైన ఆ సంచీని ఒకసారి చూసి, నడుం వంచి నమస్కరించింది. "జాగ్రత్తండీ."

ఆసుపత్రి గోడగడియారం బాగుచేసి ఆయన మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి గుమ్మంలో పరామర్శకొచ్చినవాళ్ళు పెట్టిన మూడు ఖర్బూజాలు, ఒక పూలగుత్తి ఉన్నాయి. భార్య ఫుసాయె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకైనా చెప్పకూడదా?"

"ఏం చెప్పాలి? నేను బాగానే ఉన్నానే!"

"మా నాన్న కూడా పోయే ముందురోజు వరకూ ఇదే మాట అన్నాడు," అని ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి చేతిరుమాలు వెతుక్కుంది.

సెరిజావా గారు వీధిలోకి పరుగెత్తి నెగిషి గారిని పట్టుకున్నారు. "గడియారం బాగుచెయ్యడానికి వెళ్ళానండీ!"

"అలాగేనండీ, గడియారమే," అందావిడ, పసివాణ్ణి ఓదార్చినట్టు. "మేం ఎవరికీ చెప్పంలెండి."

తను ఎంత గట్టిగా ఉన్నదీ నలుగురూ చూస్తారని నిచ్చెనెక్కి పెరట్లో చెట్టు కొమ్మలు కొట్టడం మొదలుపెట్టారు. నలుగురూ వచ్చారు. నిచ్చెన పట్టుకున్నారు. "ఎంత గుండె ధైర్యమో," అని కింద ఎవరో ముక్కు చీదారు. సాయంత్రానికి ఖర్బూజాలు మెట్లదాకా వచ్చాయి. తను చేసిన తప్పేమిటో ఆయనకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

మీటింగులో వీధిపెద్ద ఉసామి గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడు చెక్కలు సెరిజావాకే ఇవ్వాలనుకున్నాం. కానీ పాపం, విశ్రాంతి కావాలి కదా. బియ్యం కొట్టు మిజోగుచికి ఇద్దాం."

"అయ్యా, నేను బాగానే ఉన్నాను!"

అందరూ జాలిగా తలలు దించుకున్నారు.

పదకొండేళ్ళ ఆశ కళ్ళముందే మిజోగుచి చేతిలోకి పోతోంది. సెరిజావా గారికి దుఃఖం, కోపం ఒకేసారి ముంచుకొచ్చాయి. చాప మీంచి లేచి నిలబడ్డారు. "సరే! నాకు బాగోలేదు! నడుం లాగేస్తోంది, కాళ్ళు పీకుతున్నాయి, గుండె దడ, నిద్ర లేదు, ఆకలి లేదు! ఇక చాలా?"

ఉసామి ఆయన్ని కిందినుంచి మీదిదాకా ఎగాదిగా చూశాడు. తర్వాత తొడ చరిచి నవ్వాడు.

"నిజంగా జబ్బు చేసినవాడెవడైనా నలుగురిలో ఇలా ఏకరువు పెడతాడటయ్యా? పొద్దుట్నుంచీ ఇదా నీ నాటకం? పని తప్పించుకుందామనే! కుదరదు. చెక్కలు నువ్వే వాయించాలి!"

"సిగ్గుండాలి," అన్నాడు మిజోగుచి, చెక్కలు ఆయన చేతిలో కుక్కుతూ.

సెరిజావా గారు వాటిని గుండెకు హత్తుకుని ఇంటికొచ్చారు. ఫుసాయె అప్పటికే పళ్ళిచ్చిన ఇళ్ళ జాబితా రాస్తోంది.

"రేపు అందరికీ బదులుగా సబ్బుల పెట్టెలు పంపాలండీ. జబ్బు తగ్గినప్పుడు పంపకపోతే మర్యాదగా ఉండదు."

"ఏ జబ్బు తగ్గిందని పంపుతాం?"

"అదెవరూ అడగరులెండి," అంది ఫుసాయె.