తోర్సన్ తుపాకి గొట్టం మీది గీత

ఆ రోజుల్లో దక్షిణ డకోటాలో ఫెజెంట్ పక్షుల వేట అక్టోబరు మూడో శనివారం పగలు సరిగ్గా పన్నెండింటికి మొదలయ్యేది. ఒక్క నిమిషం ముందు తుపాకి పేల్చినవాణ్ణి చట్టం జరిమానాతో వదిలేసేది గానీ, ఊరు వదిలేది కాదు. ఆ ఉదయం ఆర్విడ్ తోర్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మాజీ సైనికుల హాల్లో పాన్‌కేకులు తినాలి. తుపాకులు బాగుచేసే డువేన్‌కు నాన్న తుపాకి చూపించి, పేల్చడానికి భద్రమేనని చెప్పించుకోవాలి. పన్నెండింటికి నాన్న నడిచిన మొక్కజొన్న చేలో, నాన్న తుపాకితో నడవాలి. తండ్రి పోయాక వచ్చిన మొదటి వేట అది. నలభై అయిదేళ్ళ బ్రహ్మచారికి అప్పటికి మిగిలిన కోరిక అదొక్కటే.

డువేన్ పళ్ళెం పక్కకు జరిపి గొట్టం విడదీశాడు. గొట్టం మూతి బిగువు తెలుసుకోవడానికి అక్కడి వేటగాళ్ళ దగ్గర ఒక మహత్తర పరికరం ఉంది. అది జేబులోని డైము నాణెం. నాణెం మూతి దగ్గరే ఆగితే గొట్టం బిగువైనది, గుళ్ళు దూరం దాకా గుత్తిగా పోతాయి. లోపలికి జారిపోతే వదులైనది. ఈ డైము రెండు సిద్ధాంతాలనూ ధిక్కరించి, అంగుళం లోపలికి వెళ్ళి అక్కడ ఇరుక్కుంది.

"ఇదేంట్రా, మూతి వదులు, గొంతు బిగువు," అన్నాడు డువేన్. వేలితో తడిమితే గొట్టం చుట్టూ సన్నని గీత తగిలింది. టేపు పెట్టి కొలిచాడు. "ఇరవై అయిదున్నర అంగుళాలు. కంపెనీ ఇరవై ఆరు చేస్తుంది, ఇరవై ఎనిమిది చేస్తుంది. ఇరవై అయిదున్నర చెయ్యదే."

"పేల్చొచ్చా, పేల్చకూడదా? అది చెప్పు చాలు."

"పేల్చడమా? ఇది కంపెనీవాళ్ళు ప్రయోగానికి చేసుకున్న గొట్టం రా. బజార్లోకి రానే రాలేదు."

డువేన్ ముప్పై ఏళ్ళ పాండిత్యం గలవాడు. అంతటి పాండిత్యానికి ఎవరో రంపంతో కోసి ఉంటారన్న ఆలోచన తట్టదు. అది తట్టడానికి కొంత అజ్ఞానం కావాలి.

జిల్లా మ్యూజియం అధ్యక్షుడు విల్బర్ గ్రుండాల్ కాఫీ కప్పుతో విచ్చేశాడు. "మీ నాన్నకి ఇదెలా వచ్చిందోయ్?" అని అడిగాడు.

అక్కడ ఆర్విడ్ ఒక చిన్న పొరపాటు చేశాడు. జీవితమంతా పాలు పిండిన తండ్రి చుట్టూ మొదటిసారి ఇంతమంది మూగడం చూసి, అతని గుండె కాస్త పొంగింది. "ఒకసారి రైల్వే స్టేషన్లో తుపాకి కంపెనీ మనిషెవరితోనో మాట్లాడానని నాన్న అన్నట్టు గుర్తండీ," అన్నాడు. నిజానికి ఆ మనిషి అమ్మేది వెన్న తీసే యంత్రాలు.

ఆ మాట సాసేజీల బల్ల చేరేసరికి కంపెనీ మనిషి చీఫ్ ఇంజనీరయ్యాడు. కాఫీ పీపా దగ్గరికి వచ్చేసరికి తోర్సన్‌ల ఇంట్లో రెండు రాత్రులు బస చేశాడు. పాత్రలు కడిగే తొట్టి దగ్గర, గొట్టం ఎలా చెయ్యాలో ముసలి తోర్సనే ఆ ఇంజనీరుకు నేర్పాడు.

పదకొండు గంటలకు గొట్టం కేకుల గాజుపెట్టెలోకి ఎక్కింది. విల్బర్ చీటీ రాశాడు: 'ప్రయోగపు గొట్టం, తోర్సన్ కుటుంబ కానుక.'

"కానుకా?" అన్నాడు ఆర్విడ్ నీరసంగా. "నేను ఇవాళ దాంతో వేటకెళ్దామనుకున్నానండీ."

"చరిత్రని పట్టుకుని పిట్టల్ని కొడతావా? మీ నాన్న వింటే ఏమనుకుంటాడోయ్?"

"పోనీ ఆ నాణెమైనా తియ్యండి."

"కదపకు, గీత పడుతుంది," అన్నాడు డువేన్. విల్బర్ చీటీ మీద 'నాణెంతో సహా' అని చేర్చాడు.

ఆర్విడ్ గోడ గడియారం వైపు చూశాడు. తనది అబద్ధమని ఒప్పుకుంటే తుపాకి దక్కుతుంది. కానీ నాన్న మళ్ళీ పాలు పిండుకునేవాడు అయిపోతాడు. పదకొండున్నర దాకా ఆ గాజుపెట్టె చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

అప్పుడు అక్క ఇనెజ్ రెండు యాపిల్ కేకులతో వచ్చింది. "నా కేకులు పెట్టే చోట నాన్న గొట్టం ఎందుకు పెట్టారు?"

"ఆ గీత చూడమ్మా," అన్నాడు విల్బర్ భక్తిగా. "దాని రహస్యం ఇంజనీర్లకే తెలియాలి."

"అది ప్లంబర్లు వాడే పైపు కట్టర్ గీత."

ఇనెజ్ కేకుల్ని పక్క బల్ల మీద దించింది.

"నాకు పన్నెండేళ్ళప్పుడు. మూతిలో మంచు కూరుకుపోయింది చూసుకోకుండా నాన్న పేల్చాడు. మూతి అరటిపండు తొక్కలా విచ్చుకుంది. రంపంతో కోసేశాడు. కోశాక గుళ్ళు చెదిరిపోతున్నాయని పైపు కట్టర్ బిళ్ళ మొద్దు చేసి, చుట్టూ తిప్పి తిప్పి నొక్కాడు. కొట్టం తలుపుకి నేను పేపర్లు అంటించేదాన్ని, ఆయన పేల్చేవాడు, చిల్లులు నేను లెక్కపెట్టేదాన్ని. మూడు సాయంత్రాలు. 'ఇంకొంచెం బిగిద్దామా ఇనెజ్' అని నన్నే అడిగేవాడు." ఆమె గాజుపెట్టె తెరిచి, గొట్టం చల్లటి ఇనుము మీద చెయ్యి పెట్టి కాసేపు తియ్యలేదు. "అమ్మకి చెప్పొద్దన్నాడు. నలభై ఏళ్ళు చెప్పలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"నీకు చెబితే అమ్మకి చెప్పినట్టే కదరా."

విల్బర్ చీటీని నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. చీఫ్ ఇంజనీరు ఎలా వచ్చాడో అలాగే, ఎవరికీ చెప్పకుండా హాలు విడిచి వెళ్ళాడు. జనం నవ్వుకుంటూ బూట్లు తొడుక్కున్నారు. ఇనెజ్ చీపురుకర్రతో వెనకనుంచి ఒక్క పోటు పొడిచి నాణెం బయటికి రప్పించింది. డువేన్ గొట్టంలోకి దీపం వేసి రెండుసార్లు చూశాడు. "పగుళ్ళు లేవు. నలభై ఏళ్ళు పేలింది, ఇవాళా పేలుతుంది. విలువంటావా, ఏమీ లేదు," అన్నాడు అవమానంగా. ఆర్విడ్ చెవికి ఆ ఉదయం అంత తియ్యటి మాట ఇంకొకటి పడలేదు.

పన్నెండింటికి అక్కాతమ్ముళ్ళు మొక్కజొన్న చేలో పక్కపక్కనే నడిచారు. నాన్న అడుగు ఎక్కడ తడబడేదో, ఎక్కడ ఆగి టోపీ సర్దుకునేవాడో ఇనెజ్ చెబుతూ ఉంది, ఆర్విడ్ సరిగ్గా అక్కడే ఆగుతూ వచ్చాడు. చట్టం రోజుకు మూడు ఫెజెంట్ పుంజుల్ని అనుమతిస్తుంది. అతను మూడు తూటాలతో మూడింటినీ దించి, ఒంటిగంటకల్లా ఇల్లు చేరాడు. వెల పలికే తుపాకులు మోసిన పెద్దమనుషులు చీకటి పడేదాకా గాలిని వేటాడారు.

సోమవారం ఉదయం ఊళ్ళో ప్లంబరు దుకాణం తెరవగానే, విల్బర్ ముందు, డువేన్ వెనుక, మొత్తం ఏడుగురు తుపాకులతో లోపలికి రావడం చూసి, దుకాణదారు ఒక్క మాట కూడా అడగకుండా రెండు చేతులూ పైకెత్తాడు.