మ్యాపులో మా వీధి తెలుపు

నన్నడిగితే, కాళ్ళ కింద నేలలో విషం ఉండటం అదృష్టం! నవ్వకండి. మా వీధి వెనక మూతపడిన రంగుల ఫ్యాక్టరీ ఒకటుంది. ఇరవై ఏళ్ళు అది పారబోసిన కెమికల్స్ నేలలోకి ఇంకి, మెల్లగా మా ఇళ్ళ వైపు నడిచొస్తున్నాయట. పిలవకుండా ఇంటికొచ్చే చుట్టాలు ఈ రోజుల్లో ఎవరికున్నారు?

లాభాలు వినండి. మా బోరు నీళ్ళు తగిలితే చాలు, తోమకుండానే గిన్నెల జిడ్డు వదిలిపోతుంది. పెరట్లో దోమ వాలదు. గోడకు సున్నం వేయిస్తే నెల తిరిగేసరికి దానంతటదే నీలం రంగు తేలింది. పెయింటర్ ఖర్చు మిగల్లేదూ?

ఇక సర్వే! పొల్యూషన్ ఆఫీసు నుంచి ఓ ఇంజినీరమ్మ డ్రిల్లింగ్ బండితో వచ్చింది. నేలకు బెజ్జాలు వేసి, మట్టీ నీళ్ళూ సీసాల్లోకి పట్టి, ల్యాబ్‌కు పంపి, రెండు నెలల్లో మ్యాపు గీసింది. విషమున్న చోటల్లా ఎరుపు. ఆ ఎరుపు ఫ్యాక్టరీలో పుట్టి, ఖాళీ స్థలం దాటి, సరిగ్గా మా వీధి మొదట్లో ఆగిపోయింది! మా ఇళ్ళన్నీ తెల్లగా మెరిసిపోతున్నాయి. రసాయనానికి ఎంత మర్యాద! ఇళ్ళ ధరలు పడిపోవని పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టారు గాల్లో తేలిపోయారు.

ఇంజినీరమ్మ మాత్రం తలో మ్యాపు పంచి వెళ్తూ వెళ్తూ మా సంబరం మీద నీళ్ళు చల్లింది.

"తెల్లగా ఉంటే విషం లేదని కాదండీ. అక్కడ మమ్మల్ని బెజ్జం వేయనివ్వలేదని."

అదీ నిజమే. ఆవిడ వచ్చిన రోజు హెడ్మాస్టారు కుక్క కరుస్తుందన్నారు. ఎదురింటి టైలర్ తను ఊళ్ళో లేనని లోపల్నుంచే కేకేశాడు.

ఈలోగా మా మనవరాలి ఒళ్ళంతా దద్దుర్లు. ఎన్ని మందులు వాడినా తగ్గవు. డాక్టరు పాపను చూసి, "ఏ నీళ్ళు తాగిస్తున్నారు?" అన్నాడు. ఇంటికి రాగానే మా ఆవిడ ముందు మ్యాపు పరిచాను. "కంగారెందుకు? చూడు, మనది తెలుపు!"

"నాకెందుకండీ, పాపకు చూపించండి. గోక్కోవడం మానేస్తుంది."

నాకు సిగ్గేసింది. ఇంజినీరమ్మ మా గుమ్మంలో నిలబడ్డప్పుడు, "మా పెరట్లో చోటు లేదమ్మా" అని పంపేసింది నేనే. మా పెరట్లో రెండు లారీలు పడతాయి.

ఇప్పుడు రోజూ ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, మా ఇంటి కింద విషముందేమో చూడండి బాబూ అని బతిమాలుతున్నాను. అక్కడి గుమాస్తా ఎంతో ఓపికగా మ్యాపు తిరగేసి, నాకు ధైర్యం చెబుతున్నాడు.

"మీకేం భయం లేదు సార్. మీది తెలుపు."